మడమ నొప్పికి పీఆర్‌పీ ఇంజెక్షన్ చేయించాలా, సెన్సర్లు కొనాలా?

మాస్టారూ, నమస్కారం.

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ అథ్లెటిక్స్ అకాడమీలో ముగ్గురు అమ్మాయిలకు మడమ వెనుక నొప్పి పట్టుకుంది. ఒకరికి పన్నెండేళ్లు, ఒకరికి పదిహేడు, ఒకరికి పంతొమ్మిది. ముగ్గురికీ పీఆర్‌పీ ఇంజెక్షన్ (ఎవరి రక్తం నుంచి తీసింది వారికే ఎక్కించేది) చేయిస్తే నెలలో మళ్లీ పరుగెత్తుతారని ఒక ఆసుపత్రిలో చెప్పారు. అదే వారం ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి, కాలికి కట్టుకునే సెన్సర్లు గాయాన్ని ముందే పసిగడతాయని చూపించి వెళ్లాడు. తల్లిదండ్రులు అప్పు చేసైనా ఇంజెక్షన్ చేయిస్తామంటున్నారు. ఏది నమ్మాలి, ఏ లెక్కన తేల్చుకోవాలి అన్నది మీ ప్రశ్న.

ఆటగాళ్ల గాయాలు చూడటమే ఇరవై ఏళ్లకు పైగా నా వృత్తి. ఈ ఇంజెక్షన్ నేనూ చేశాను, గట్టి నమ్మకంతో చేశాను. తరవాత ఆ నమ్మకం ఎక్కడ తప్పిందో నాకు నేనే తెలుసుకోవలసి వచ్చింది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఇంజెక్షన్ మాట పక్కన పెట్టండి. ముగ్గురిదీ ఒకటే నొప్పి అని ఎవరు తేల్చారు? పన్నెండేళ్ల పాపను కూర్చోబెట్టి, మడమను రెండు పక్కల నుంచీ అరచేతుల మధ్య పెట్టి మెల్లగా నొక్కి చూడండి. అక్కడ చురుక్కుమంటే అది చాలా వరకు ఎదిగే ఎముక నొప్పి. ఆ వయసులో మడమ ఎముక వెనుక భాగం ఇంకా పూర్తిగా గట్టిపడదు, మధ్యలో మెత్తని ఎదుగుదల పలక ఉంటుంది. పిక్క కండరం లాగినప్పుడల్లా అది నొచ్చుకుంటుంది. వైద్యులు దీన్ని సీవర్స్ అంటారు. దూకడం, పరుగు కొన్నాళ్లు తగ్గించి, బూటులో మడమ కింద మెత్త పెట్టి, పిక్క కండరాన్ని సాగదీసే వ్యాయామాలు చేయిస్తే తగ్గుతుంది. ఎముక ఎదగడం పూర్తయ్యాక మళ్లీ రాదు. ఆ పాపకు పీఆర్‌పీతో పనే లేదు. ఆమెను కూడా ఇంజెక్షన్ జాబితాలో చేర్చారంటే, ఆ జాబితా రాసినవారు మడమను ముట్టుకుని చూడలేదన్నమాట. నాకు కోపం వచ్చేది అక్కడే.

పంతొమ్మిదేళ్ల అమ్మాయిని ఇంకో సంగతి అడగండి. ఈ మధ్య టైఫాయిడ్‌కో, మూత్రంలో మంటకో, విరేచనాలకో సిప్రోఫ్లాక్ససిన్ లాంటి మాత్రలు వాడిందా? ఆ కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్‌లు టెండన్లను, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లను, దెబ్బతీయగలవు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే వాటిపై అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. మన దగ్గర ఈ మాత్రలు విరివిగా వాడతారు కాబట్టి ఈ ప్రశ్న అడగకుండా నేను ఏ మడమనూ చూడను.

ఇవి రెండూ కాకపోతే మిగిలేది ఎకిలిస్ టెండన్ నొప్పి. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టిపడేసే తాడు అది. జనం మడమ నరం అంటారు గానీ అది నరం కాదు. ఉదయం మంచం దిగగానే బిగుసుకుపోయి, నాలుగడుగులు వేశాక సడలి, సాధన అయ్యాక మళ్లీ సలుపుతుంది. మడమకు రెండు మూడు అంగుళాల పైన వేళ్లతో పట్టుకుంటే ఉబ్బుగా తగులుతుంది. ఇక్కడి నుంచి మీ ప్రశ్నలోకి వస్తాను.

పీఆర్‌పీ అంటే ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మా. డెంగీ వస్తే పడిపోతాయని మనం భయపడే ప్లేట్‌లెట్లే ఇవి. చేతి నుంచి రక్తం తీసి, గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి గిరగిరా తిప్పితే బరువైన ఎర్రకణాలు అడుక్కి దిగిపోతాయి, పైన తేనె రంగు ప్లాస్మా నిలుస్తుంది. అందులో ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని సిరంజిలోకి లాగి, నొప్పి ఉన్నచోట ఎక్కిస్తారు. దెబ్బ తగిలినచోట మొదట గుమిగూడేవి ప్లేట్‌లెట్లే, కణజాలాన్ని ఎదిగించే పదార్థాలు వాటిలో ఉంటాయి. కాబట్టి వాటిని ఎక్కువ మోతాదులో పంపితే టెండన్ త్వరగా మానుతుందన్నది ఊహ. మన రక్తమే మనకు ఎక్కిస్తారు, బయటి మందేమీ లేదు. వినడానికి ఎంత బాగుందో చూడండి.

దీనికి పేరు తెచ్చింది అమెరికన్ ఫుట్‌బాల్. 2009 ఫిబ్రవరిలో జరిగిన సూపర్‌బౌల్ అనే ఫైనల్‌కు ముందు పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆటగాడు హైన్స్ వార్డ్‌కు మోకాలి లిగమెంట్ (ఎముకనూ ఎముకనూ కలిపి ఉంచే పట్టీ) బెణికింది. పీఆర్‌పీ చేయించుకున్నాడు, ఫైనల్ ఆడాడు, జట్టు గెలిచింది. పత్రికలు రాశాయి. ఆ తరవాత అదే ఇంజెక్షన్ కావాలంటూ ఆటగాళ్లు ఆసుపత్రుల ముందు వరుస కట్టారు. వార్డ్ ఆడాడన్నది నిజం. ఆ ఇంజెక్షన్ లేకపోతే ఆడేవాడు కాడని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. లిగమెంట్ కొద్దిగా బెణికిన ఆటగాళ్లు కట్టు కట్టుకుని రెండు వారాల్లో మైదానంలోకి దిగడం అంతకు ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే నేను పనిచేసే ఆసుపత్రికీ సెంట్రిఫ్యూజ్ వచ్చింది. కబడ్డీ ఆటగాళ్లు, లాంగ్‌జంప్ పిల్లలు, పోలీసు ఉద్యోగాల కోసం పరుగు సాధన చేసేవాళ్లు నా దగ్గరికి వచ్చేవారు. నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. పేరు, ఏ కాలు, ఇంజెక్షన్ తేదీ, చివర ఒక గడిలో ఫలితం. రెండేళ్లలో ఆ గడుల్లో ఎక్కువ చోట్ల 'తగ్గింది' అనే మాటే కనిపించింది. దాన్ని నలుగురికీ చూపించాను కూడా.

ఒక సాయంత్రం మా దగ్గర కొత్తగా చేరిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఆ పుస్తకం తిరగేసి, "సార్, మళ్లీ రానివాళ్లను ఏ లెక్కలో వేశారు?" అని అడిగింది. తగ్గిన లెక్కలో వేశాను. తగ్గింది కాబట్టే రాలేదనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి ఇద్దరం కూర్చుని ఒక్కొక్కరికే ఫోను చేశాం. కొందరికి నిజంగానే తగ్గింది. ఒకడు ఆట మానేసి హోటల్లో పనికి కుదిరాడు. మెట్లెక్కితే ఇప్పటికీ నొప్పేనన్నాడు. ఒకాయన మరో ఊళ్లో ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇంకొకరు పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకుని, దానితోనే తగ్గిందని గట్టిగా నమ్ముతున్నారు. ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆయన నమ్మకానికీ నా నమ్మకానికీ తేడా ఏముంది? ఆయన ముందూ వెనకా చూశాడు, నేనూ ముందూ వెనకా చూశాను. ఇద్దరం పక్కకు చూడలేదు.

పక్కకు చూడటమంటే ఏమిటో చెబుతాను, ఎందుకంటే మీరు అడిగిన దానికి జవాబు అక్కడే ఉంది. నా దగ్గర ఇంజెక్షన్ చేయించుకున్న ప్రతి ఒక్కరినీ రెండు వారాలు పరుగు ఆపమన్నాను. ప్రతి ఒక్కరి చేతా పన్నెండు వారాలు మడమ వ్యాయామాలు చేయించాను. పైగా ఎవరూ నొప్పి ఒక మాదిరిగా ఉన్నప్పుడు ఇంజెక్షన్‌కు రారు, భరించలేనప్పుడే వస్తారు. భరించలేని నొప్పి ఏమీ చేయకపోయినా కొన్నాళ్లకు కొంత దిగుతుంది. విశ్రాంతి, వ్యాయామం, కాలం, డబ్బు ఖర్చుపెట్టామన్న ఆశ, ఇన్నీ కలిసి పనిచేస్తుంటే పేరంతా ఇంజెక్షన్‌కు రాసేశాను. ఇంజెక్షన్ తప్ప మిగతావన్నీ అందుకున్న మనుషులు పక్కన ఉంటే గానీ, అది ఏం చేసిందో తెలియదు.

అలాంటి మనుషులను పక్కన పెట్టి చూసినవారు ఉన్నారు. నెదర్లాండ్స్ వైద్యులు 2010లో ప్రచురించిన పరీక్షలో 54 మంది ఉన్నారు, అందరికీ దీర్ఘకాలపు ఎకిలిస్ నొప్పే. అందరి నుంచీ రక్తం తీశారు. చీటీ వేసినట్టు సగం మందికి పీఆర్‌పీ, సగం మందికి ఉత్త ఉప్పునీరు ఎక్కించారు. ఎవరికి ఏది వెళ్లిందో ఎక్కించిన వైద్యునికీ తెలియదు, ఎక్కించుకున్నవారికీ తెలియదు. అందరి చేతా ఒకే వ్యాయామాలు చేయించారు. నొప్పినీ పనితీరునూ కలిపి నూటికి మార్కులు వేసే కొలమానం ఒకటుంది. దాని మీద 24 వారాలకు పీఆర్‌పీ వారు 21.7 మార్కులు మెరుగుపడ్డారు. ఉప్పునీటి వారు 20.5.

ఈ రెండు అంకెలను తల్లిదండ్రులకు కాగితం మీద రాసి చూపించండి. మొదట ఒక్క 21.7 చూపించండి. నూటికి ఇరవైకి పైగా మెరుగుదల! అది మాత్రమే చూసిన వైద్యుడు నా నోటుపుస్తకంలో ఉన్న మాటే రాస్తాడు. తరవాత పక్కనే 20.5 రాయండి.

ఒక్క చిన్న పరీక్షతో తీర్పు చెప్పకూడదు, నిజమే. 2021లో బ్రిటన్‌లో 240 మందితో ఇంకా పెద్ద పరీక్ష ప్రచురించారు. ఇందులో రెండో జట్టుకు టెండన్‌ను తాకకుండా చర్మం కిందే ఉత్త సూది గుచ్చి తీశారు. ఆరు నెలలకు అదే నూటి కొలమానం మీద పీఆర్‌పీ వారికి 54.4, ఉత్త సూది వారికి 53.4. అదే ఏడాది ఆస్ట్రేలియాలో మోకాలి కీళ్లవాతం ఉన్న 288 మందికి వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు చేసి, ఏడాది తరవాత చూశారు. నొప్పిలో గానీ, ఎమ్మారై కొలిచిన మృదులాస్థి పరిమాణంలో గానీ, ఉప్పునీటి కంటే పీఆర్‌పీ చెప్పుకోదగ్గ మేలు చేయలేదు.

మీరు స్ప్రింటర్లను తయారుచేస్తారు కాబట్టి తొడ వెనుక కండరం సంగతి కూడా చెప్పాలి. హామ్‌స్ట్రింగ్ చిరిగితే పీఆర్‌పీతో త్వరగా కోలుకుంటారని మీకు ఆసుపత్రివారు ఒక కాగితం చూపించే ఉంటారు. అది బహుశా 2014లో మలేసియాలో 28 మందితో చేసిన పరీక్ష అయి ఉంటుంది. పీఆర్‌పీతో పాటు వ్యాయామం చేసినవారు సగటున 26.7 రోజుల్లో ఆటకు వచ్చారు, వ్యాయామం ఒక్కటే చేసినవారికి 42.5 రోజులు పట్టింది. పదహారు రోజుల తేడా! ఏ కోచ్ అయినా కదిలిపోతాడు. కానీ ఆ రెండో జట్టుకు ఉత్తుత్తి ఇంజెక్షన్ కూడా చేయలేదు. తమకు ఏమీ దక్కలేదని వాళ్లకు తెలుసు. కొత్త చికిత్స అందిందని తెలిసిన కుర్రాడు ధైర్యంగా అడుగేస్తాడు, అందలేదని తెలిసిన కుర్రాడు ఇంకో వారం ఆగుదామనుకుంటాడు. ఆటకు ఎప్పుడు తిరిగి రావాలన్నది సగం కండరం చెప్పేదైతే, సగం మనసు చెప్పేది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో 80 మంది ఆటగాళ్లకు ఎవరికి ఏది ఎక్కుతోందో తెలియకుండా పీఆర్‌పీ గానీ ఉప్పునీరు గానీ ఇచ్చారు. రెండు జట్లలోనూ సగం మంది ఆటకు వచ్చేసరికి పట్టిన కాలం 42 రోజులే. మళ్లీ గాయపడినవారు ఒకవైపు నూటికి 16, ఇంకోవైపు 14.

కాబట్టి ఎవరైనా పరిశోధన కాగితం చూపిస్తే మీరు మొదట వెతకాల్సింది రెండో జట్టు. వాళ్లు ఎవరు, వాళ్లకేం ఇచ్చారు, తమకేం అందిందో వాళ్లకు తెలుసా? రెండో జట్టే లేకపోతే ఆ కాగితం మడిచి ఇచ్చేయవచ్చు.

రెండో జట్టు ఉన్నా ఒక్కోసారి మోసపోతాం. మోచేతి బయటివైపు నొప్పికి, అంటే టెన్నిస్ ఎల్బోకు, పీఆర్‌పీని స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోల్చి పీఆర్‌పీయే మేలని తేల్చిన పరీక్షలు ఉన్నాయి. అయితే ఆ నొప్పికి స్టెరాయిడ్ ఎంత మంచి మందు? 2006లో ఆస్ట్రేలియాలో 198 మందితో చేసిన పరీక్షలో స్టెరాయిడ్ చేయించుకున్నవారు ఆరు వారాలకు అందరికంటే బాగున్నారు. ఏడాది తిరిగేసరికి వారిలో చాలామందికి నొప్పి తిరగబెట్టింది. ఏమీ చేయకుండా ఓపిక పట్టినవారే వారికంటే మెరుగ్గా ఉన్నారు. అంటే పీఆర్‌పీ గెలిచింది కాలు విరిగిన గుర్రం మీద. తరవాత 2021లో పరీక్షలన్నిటినీ జల్లెడ పట్టిన కోక్రేన్ అనే అంతర్జాతీయ పరిశోధకుల సంస్థ సమీక్ష, ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోలిస్తే ఆ మోచేతి నొప్పికి పీఆర్‌పీ వల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం ఉండకపోవచ్చనే తేల్చింది.

ఇంకో చిక్కు ఉంది. పీఆర్‌పీ అని అందరూ ఒకే పేరు పెట్టినా గొట్టంలో ఉండేది ఒకటి కాదు. ఏ కిట్టు, ఎంత వేగంతో ఎంతసేపు తిప్పారు, తెల్లకణాలు వదిలేశారా కలిపారా, ఆ రోజు ఆ మనిషి రక్తంలో ప్లేట్‌లెట్లు ఎన్ని, వీటిని బట్టి మారిపోతుంది. మాత్ర మీద ఇన్ని మిల్లీగ్రాములని రాసి ఉంటుంది. ఇక్కడ మోతాదే తెలియదు. అందుకే పరీక్షలో విఫలమైతే "వాళ్ల కిట్టు వేరు, మాది వేరు" అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ మాట మీతో అంటే, మీ కిట్టుతోనే చేసిన, రెండో జట్టు ఉన్న పరీక్ష చూపించమనండి.

"ప్రభుత్వ ఆమోదం ఉంది" అన్న మాట కూడా మీకు చెప్పే ఉంటారు. దేనికి ఆమోదం? అమెరికాలో ఈ కిట్లలో ఎక్కువ వాటికి, తయారైన పీఆర్‌పీని ఎముక పొడితో కలిపి ఆపరేషన్‌లో వాడుకోవడానికి అనుమతి వచ్చింది. అదీ అప్పటికే మార్కెట్లో ఉన్న పరికరాన్ని పోలి ఉందని చూపించి తెచ్చుకునే అనుమతి. టెండన్ నొప్పి తగ్గుతుందని ఎవరూ ముద్ర వేయలేదు. మన దేశంలో 2017 వైద్య పరికరాల నియమావళి 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. హాని తీవ్రతను బట్టి పరికరాలను ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు చేసింది. లైసెన్సు తప్పకుండా అడగండి, అది లేనిదాన్ని గుమ్మం లోపలికి రానివ్వకండి. కానీ లైసెన్సు ఉందంటే మీ పిల్ల మడమ తగ్గుతుందని అర్థం కాదు.

ఆమోదం వచ్చాక కూడా కథ ఎలా తిరుగుతుందో చెప్పడానికి ఎముకలు అతికించే అల్ట్రాసౌండ్ యంత్రం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. విరిగినచోట రోజూ ఇరవై నిమిషాలు పెట్టుకుంటే ఎముక త్వరగా అతుకుతుందని 1994లో 67 కాలి విరుగుళ్ల మీద చేసిన పరీక్ష చెప్పింది. అదే ఏడాది ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా అమ్మారు. 2016లో 501 మందితో చేసిన పరీక్ష ఫలితం బయటికి వచ్చింది. ఉత్తుత్తి యంత్రం పెట్టుకున్నవారితో పోలిస్తే ఎక్స్‌రేలో ఎముక త్వరగా అతకలేదు, మనిషి త్వరగా పనికీ వెళ్లలేదు. ఆ మరుసటి ఏడాది అంతర్జాతీయ నిపుణుల బృందం దీన్ని వాడవద్దని గట్టిగా సిఫారసు చేసింది. ఈ మధ్యలో ఎంతమంది ఎంత ఖర్చు పెట్టుకుని ఉంటారో!

స్కానింగ్ బొమ్మ చూపించి "టెండన్ నిండింది" అంటే కూడా తొందరపడకండి. బొమ్మ వేరు, నొప్పి వేరు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 50 ఏళ్లు దాటిన 991 మందికి మోకాలి ఎమ్మారై తీశారు. మెనిస్కస్, అంటే మోకాలి కీలు మధ్య ఉండే మెత్త, చిరిగి ఉన్నట్టు కనిపించినవారిలో 61 శాతం మందికి అంతకు ముందు నెలంతా నొప్పి గానీ బిగుతు గానీ లేవు. కాబట్టి ఫలితం ఏమిటని అడిగినప్పుడు బొమ్మ గురించి కాకుండా, ఉదయం లేవగానే బిగుతు ఎన్ని నిమిషాలుంది, ఒంటికాలి మీద మడమ ఎన్నిసార్లు ఎత్తగలుగుతోంది, ఎన్ని మీటర్లు పరుగెత్తింది, వాటి గురించి అడగండి.

ఇక సెన్సర్లు. ఇవి వైద్యం చేయవు, కొలుస్తాయి. కొలిచే దాన్ని పరీక్షించడానికి మీకు డాక్టరు అక్కర్లేదు. ఒకే బస్తాను రెండుసార్లు వేస్తే రెండు బరువులు చూపే కాటాతో ఎవరూ ధాన్యం కొనరు. కంపెనీవారిని ఆ సెన్సర్లు రెండు వారాలు ఇచ్చి వెళ్లమనండి. పది మంది పిల్లలకు ఉదయం కట్టి పది గెంతులు వేయించండి. విప్పి, వేరేవారి చేత మళ్లీ కట్టించి, గంట తరవాత అవే గెంతులు వేయించండి. ఒకే అమ్మాయికి రెండుసార్లూ వచ్చిన అంకెల మధ్య ఎంత తేడా ఉందో చూడండి. గంటలో ఆమె కాలు మారిపోలేదు కాబట్టి ఆ తేడా యంత్రానిదీ, కట్టిన చేతిదీ. "సీజన్‌లో ఇంత మార్పు వస్తే ప్రమాదం" అని కంపెనీ చెప్పే మార్పు దానికంటే చిన్నదైతే ఆ సెన్సర్లు మీకు దేనికీ పనికిరావు.

గాయాన్ని ముందే పసిగడుతుందన్న మాట దగ్గర మరీ జాగ్రత్త. ఉదాహరణకు మీ దగ్గర వంద మంది ఉన్నారనుకుందాం, ఏడాదిలో ఇరవై మందికి గాయాలవుతాయనుకుందాం. యంత్రం ఆ ఇరవైలో పద్నాలుగు మందికి ఎర్రదీపం వెలిగించింది. గొప్పే! కానీ గాయం కాని ఎనభై మందిలో ఇరవై నాలుగు మందికీ వెలిగించింది. అంటే ముప్పై ఎనిమిది ఎర్రదీపాలు, అందులో నిజమైనవి పద్నాలుగు. మిగతా ఇరవై నలుగురిని మీరు సాధన మాన్పించి కూర్చోబెడతారా? ఎర్రదీపం వెలగని ఆరుగురు ధీమాగా పరుగెత్తి గాయపడితే ఎవరిని అడుగుతారు? ప్రతినిధి "పద్నాలుగు మందిని పట్టుకుంది" అని మాత్రమే చెబుతాడు. మిగతా మూడు లెక్కలూ, అంటే అనవసరంగా వెలిగినవి, వెలగాల్సి వెలగనివి, సరిగ్గానే వెలగనివి ఎన్నో, చెప్పమని మీరే అడగాలి.

ఆ డబ్బుతో ఏం చేయవచ్చో కూడా చెప్పాలి కదా. డెన్మార్క్‌లో 942 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టు చేత నార్డిక్ వ్యాయామం చేయించారు. మోకాళ్ల మీద నిలబడి, వెనుక తోటి ఆటగాడు మడమలు పట్టుకుంటే, నడుము వంచకుండా మెల్లమెల్లగా ముందుకు ఒరగడమే అది. ఆ జట్టులో 15 హామ్‌స్ట్రింగ్ గాయాలు, మామూలుగా సాధన చేసిన జట్టులో 52. దీనికి కావలసింది ఒక చాప, ఒక స్నేహితురాలు. 2011లో ప్రచురించిన ఈ ఫలితం గురించి చెప్పడానికి మీ అకాడమీకి ఏ ప్రతినిధీ రాడు, అందుకే నేను చెబుతున్నాను. పీఆర్‌పీ కంటే, సెన్సర్ల కంటే దీని వెనుక ఉన్న ఆధారం గట్టిది.

మడమకు కూడా అలాంటిదే ఉంది. 1998లో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్‌సన్, ఆయన సహచరులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. మెట్టు అంచు మీద ముందు పాదాలతో నిలబడాలి. రెండు కాళ్లతో మడమలు పైకెత్తాలి, బరువంతా నొప్పి ఉన్న కాలి మీదికి తెచ్చి, మడమను మెట్టు కిందికి నెమ్మదిగా దించాలి. మోకాలు నిటారుగా ఉంచి పదిహేనేసి మూడుసార్లు, కొద్దిగా వంచి పదిహేనేసి మూడుసార్లు. పొద్దునా సాయంత్రమూ, వారంలో ఏడు రోజులూ, పన్నెండు వారాలు. రోజుకు నూట ఎనభై అవుతాయి. తేలికైపోయాక వీపు సంచిలో రెండు కిలోల బియ్యం వేయండి, తరవాత ఐదు కిలోలు. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఉంటే పర్వాలేదు. మర్నాడు పొద్దున బిగుతు ముందు రోజు కంటే పెరిగితే మాత్రం బరువు తగ్గించండి. ఇంజెక్షన్ అందరినీ ఆకర్షించేది ఈ పన్నెండు వారాల భయం వల్లే. కానీ ఇంజెక్షన్ చేయించినా వ్యాయామం తప్పదు. ఎకిలిస్ నొప్పి మీద చేసిన ఆ నెదర్లాండ్స్ పరీక్షలో రెండు జట్లూ చేసింది వ్యాయామమే.

తల్లిదండ్రులు అప్పటికీ పట్టుబడితే? మొదటి పన్నెండు వారాలు పూర్తయ్యేదాకా ఆగమని బతిమాలండి. ఎకిలిస్ నొప్పికి నేను ఇప్పుడు పీఆర్‌పీ చేయడం లేదు, చేయమనీ చెప్పను. పెద్దవాళ్లు అంతా తెలిసి, తమ డబ్బుతో చేయించుకుంటామంటే అది వాళ్ల ఇష్టం. పదిహేడేళ్ల అమ్మాయి కోసం ఇంట్లో అప్పు చేయడం మాత్రం నేను ఒప్పుకోను. ఒకవేళ చేయించారా, ఏం ఎక్కించారో కాగితం మీద రాయించుకోండి. జాతీయ స్థాయికి వెళ్లే అమ్మాయికి ఇది చాలా ముఖ్యం. పీఆర్‌పీని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2010లో కండరంలోకి ఎక్కించకుండా నిషేధించి, 2011లో ఆ నిషేధం తీసేసింది. కానీ కణజాలాన్ని ఎదిగించే ఆ పదార్థాలను (గ్రోత్ ఫ్యాక్టర్లు) విడిగా తయారుచేసి ఎక్కించడం ఇప్పటికీ నిషిద్ధమే. వాపు, నొప్పి తగ్గించే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఏ దారిలో ఎక్కించినా, 2022 జనవరి నుంచి పోటీల సమయంలో నిషిద్ధం. నొప్పి తగ్గాలని ఎవరైనా సిరంజిలో అది కలిపితే, పట్టుబడేది ఎక్కించినవారు కాదు, మీ అమ్మాయి.

చివరగా, మీరూ ఒక పుస్తకం పెట్టండి, నేను చేసిన తప్పు లేకుండా. ఒక్కొక్కరికీ ఒక పేజీ. మొదటి రోజు, ఆరో వారం, పన్నెండో వారం, ఆరో నెల. ప్రతిసారీ పొద్దుటి బిగుతు నిమిషాల్లో, ఒంటికాలి మీద మడమ ఎత్తిన లెక్క, నొప్పి లేకుండా పరుగెత్తిన దూరం. వ్యాయామం చేసిన రోజులకు గుర్తు పెట్టించండి, చేయని రోజులకూ. అకాడమీ మానేసిన పిల్లలకు ఆరో నెలలో మీరే ఫోను చేయండి, ఆ పేజీ ఖాళీగా వదలకండి. పన్నెండో వారం పేజీలు నాకు పంపితే పదిహేడేళ్ల అమ్మాయికీ, పంతొమ్మిదేళ్ల అమ్మాయికీ తరవాత ఏం చేయాలో కలిసి ఆలోచిద్దాం. పన్నెండేళ్ల పాపను మాత్రం అప్పటిదాకా ఆపకుండా, ఈ వారమే పిల్లల ఎముకలు చూసే డాక్టరుకు చూపించండి.